నీటి వయసు, బురద వయసు

పొద్దున్నే చెత్త ఆటో వచ్చి వెళ్లాక వీధిలో ఒక సన్నని తడి చార మిగులుతుంది. మలుపు దగ్గర, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆ చార కాస్త వెడల్పవుతుంది. ఎండ ఎక్కేసరికి ఆరిపోతుంది, వాసన మాత్రం మధ్యాహ్నం దాకా పోదు. చెత్త అనగానే మనకు కళ్ల ముందు మెదిలేది కుప్ప. కవర్లు, తొక్కలు, చింపిన అట్టపెట్టెలు. కానీ వంటింట్లోంచి రోజూ బయటికి పోయే బరువులో ఎక్కువ పాలు నీరే. సొరకాయ చెక్కులో, పుచ్చకాయ తొక్కలో, మెత్తబడ్డ టమాటాలో, మిగిలిపోయిన పప్పుచారులో, పాచిపోయిన అన్నంలో నూటికి డెబ్భై ఎనభై పాళ్లు నీరుంటుంది. తడి చెత్త అని మనం వేరే డబ్బాలో వేస్తున్నది నిజానికి ఇంకా కారడం మొదలుపెట్టని నీటిని.

ఆ చార ఎక్కడికి పోతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఆటో లోంచి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు, అక్కడి నుంచి పెద్ద లారీలో డంపింగ్ యార్డుకు చెత్త చేరుతుంది, సరే. అందులోని నీరు ఎక్కడ చేరుతుంది? ఊరు పెద్దదయ్యేకొద్దీ ఈ ప్రశ్నకు జవాబు మన కంటికి దూరంగా జరుగుతూ పోయింది. దగ్గరగా ఉన్న రోజుల్లో జవాబు సులువుగా ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల చెక్కులు, గుప్పెడు తవుడు, అన్నీ కుడితి తొట్టిలోకి చేరేవి. సాయంత్రానికి తొట్టి పులిసి సన్నగా బుడగలు తేలేవి. గేదె మూతి ముంచితే తొట్టి అడుగు కనిపించేదాకా తల ఎత్తేది కాదు. అక్కడ జరుగుతున్నది పక్కా రసాయన క్రియ. పిండి పదార్థం పులిసి ఆమ్లాలుగా మారుతుంది. గేదె కడుపులోని సూక్ష్మజీవులు చేసేదీ అదే పని. ఇంటి వాడుక నీటిలోని బలమంతా సాయంత్రానికి పాలయ్యేది.

పెంటదిబ్బ సంగతీ రైతుకు బాగా తెలుసు. గట్టి వాన పడితే దిబ్బ అడుగు నుంచి నల్లటి నీరు కారుతుంది. ఆ నీటితో ఎరువులోని సారం పోతుంది. అందుకే గుంత తవ్వి అందులో పోసేవారు, పైన మట్టి కప్పేవారు. పాత రోజులన్నీ మంచివని చెప్పడం నా ఉద్దేశం కాదు. దిబ్బ పక్కనున్న బావిలోకి ఆ సారం ఇంకిన ఊళ్లూ ఉన్నాయి. అయినా నీరు కారుతుందని తెలిసి, ఎటు కారుతుందో చూసి, దానికి తగ్గ ఏర్పాటు చేసుకునే చూపు ఒకటి ఆ గుంతలో ఉంది. నాలుగో అంతస్తు ఫ్లాటులో కుడితి తొట్టి పెట్టలేం. ఆ చూపు మాత్రం నగరానికి కావలసిందే.

యార్డులో లారీ దించిన చెత్త మీద మరో లారీ దించుతుంది. దాని మీద బుల్డోజర్ తిరుగుతుంది. పై బరువుకు కింది చెత్త నలిగి తనలోని నీటిని తానే వదులుతుంది. ఆ పైన వాన. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక్క ఎకరం నేల మీద అది 32 లక్షల లీటర్లు. కొంత ఆవిరైపోతుంది, కొంత పక్కలకు జారిపోతుంది. మిగిలింది కుప్పలోకి దిగి, దారిలో తగిలిన ప్రతిదాన్నీ కాస్త కాస్త కరిగించుకుంటూ అడుగుకు చేరుతుంది. ఇంజనీర్లు లీచేట్ అనే చెత్త నీరు ఇదే.

నగరానికి ఈశాన్యపు అంచున, జవహర్‌నగర్‌లో మూడు వందల ఎకరాలకు పైగా ఉన్న యార్డుకు హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి చేరుతూ వచ్చింది. కోటి టన్నులకు పైబడిన పాత చెత్త మీద ఇప్పుడు ప్లాస్టిక్ పొర కప్పి, మట్టి పరిచారు. కప్పు పడ్డాక కొత్త వాన లోపలికి దిగడం తగ్గుతుంది. అంతకు ముందు కారిన నీరు పల్లాన ఉన్న మల్కారం చెరువుకు చేరింది. పల్లం వెతుక్కోవడం నీటి స్వభావం. ఆ పల్లం చూసి అక్కడే చెరువు కట్టుకోవడం మన పెద్దల తెలివి. వానను ఒడిసిపట్టడానికి ఎంచుకున్న చోటే చెత్త నీటిని కూడా ఒడిసిపట్టింది. దమ్మాయిగూడ, జవహర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలవాళ్లు బోరు నీళ్ల గురించి, కమ్ముకొచ్చే వాసన గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో అక్కడ రోజుకు 20 లక్షల లీటర్ల చెత్త నీటిని శుద్ధి చేసే ప్లాంటును ప్రారంభించారు. చిన్న పని కాదది. ఆ పని ఎంత పెద్దదో అర్థం కావాలంటే అసలు ఆ నీటిలో ఏముందో చూడాలి.

చెత్త నీటికి వయసు ఉంటుంది. కొత్త చెత్త లోంచి కారే నీరు పుల్లగా, ఘాటుగా ఉంటుంది. చెత్త లోపల గాలి ఆడదు కాబట్టి అక్కడి సూక్ష్మజీవులు తిండిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. మామూలు మురుగునీటిలో సీఓడీ అనే కాలుష్యపు లెక్క లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు ఉంటే, కొత్త చెత్త నీటిలో పదివేలు దాటుతుంది. హోటళ్ల, మార్కెట్ల తిండి చెత్తను పిండగా వచ్చే నీటిలోనైతే లక్ష కూడా దాటవచ్చు. చూడటానికి భయంకరమైన అంకెలు. అయినా ఇది సూక్ష్మజీవులు ఇష్టంగా తినే తిండే. సగానికి పైగా వాటికి సులువుగా అరుగుతుంది.

ఏళ్లు గడుస్తాయి. కుప్పలో మీథేన్ చేసే జీవులు కుదురుకుంటాయి. ఆమ్లాలు గ్యాస్‌గా మారి పైకి పోతాయి. నీటి పులుపు విరుగుతుంది. అంకెలు తగ్గుముఖం పడతాయి. కాగితం మీద చూస్తే కుప్ప నయమవుతున్నట్టే ఉంటుంది. కానీ తినదగ్గదంతా అయిపోయాక మిగిలినవి మొండివి. ఒకటి హ్యూమిక్ పదార్థాలు, ఆకులు కుళ్లి మట్టికి నలుపునిచ్చే జాతి పదార్థాలే. రెండోది అమ్మోనియా. మనం తినే పప్పులో, గుడ్డులో, చేపలో, మాంసంలో ఉండే మాంసకృత్తులు కుళ్లినప్పుడు వాటిలోని నత్రజని అమ్మోనియాగా బయటపడుతుంది. దాన్ని మరో రూపంలోకి మార్చాలంటే గాలి కావాలి. కుప్ప లోపల గాలి లేదు. అందుకని అమ్మోనియా అలాగే ఉండిపోతుంది, దశాబ్దాల పాటు ఊరుతూనే ఉంటుంది. ఇంటి మురుగులో లీటరుకు 30, 40 మిల్లీగ్రాములుండే అమ్మోనియా నత్రజని, చెత్త నీటిలో వెయ్యి, రెండు వేలు ఉండటం మామూలే. వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే చెత్త నీటిలో అది 50కి మించకూడదని మన దేశపు 2016 ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. రెండు వేల నుంచి యాభైకి దించాలి. ఈ దూరాన్ని దాటించేది ఎవరు?

ఆ పని చేసే జీవులు ఉన్నాయి. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ తర్వాత గాలి లేని తొట్టిలో ఇంకో రకం జీవులు ఆ నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు ఉన్నది ఆ వాయువే. పప్పులోంచి వచ్చిన నత్రజని మళ్లీ ఆకాశంలో కలుస్తుంది. ఇంత అందమైన దారి ఉండగా కష్టం ఎక్కడ వచ్చిందంటే, అమ్మోనియాను మార్చే జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మంచి తిండి దొరికితే పేగుల్లోని ఈకోలై ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి ఎంత అనుకూలంగా ఉన్నా గంటలు పడుతుంది, ఎక్కువసార్లు ఒకరోజు, అంతకన్నా ఎక్కువ. అమ్మోనియా నుంచి వాటికి దొరికే శక్తి అంత తక్కువ. పేద బతుకు. చలికి, విషానికి, ఆకలికి ముందు పోయేవి అవే.

నీటిని బాక్టీరియాతో శుభ్రం చేయించే పద్ధతికి వందేళ్లు దాటాయి. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు తమ ప్రయోగాల ఫలితాన్ని చదివి వినిపించారు. మురుగునీటిలోకి గాలి ఊదుతూ పోతే అది శుభ్రపడుతుందని అప్పటికే తెలుసు. కానీ మొదటిసారి అందులోని అమ్మోనియా పూర్తిగా మారడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. అప్పటిదాకా అందరూ అడుగున మిగిలిన బురదను పారబోసేవారు. వీళ్లు తేటను వంపేసి బురదను ఉంచుకున్నారు, కొత్త మురుగును దాని మీదే పోశారు. మళ్లీ తేట వంపారు, మళ్లీ పోశారు. తోడు మిగుల్చుకున్న ఇంట్లో రేపటి పెరుగుకు దిగులు లేనట్టు, ఆ బురద ఉన్నంతకాలం పని వేగం పెరుగుతూ పోయింది. ఐదు వారాల పని ఒక్కరోజు లోపుకు వచ్చింది. వాళ్లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ప్రొఫెసర్‌గా వచ్చాడు. మాంచెస్టర్ మురుగు తొట్టిలో పుట్టిన విద్య రెండేళ్లకే దక్కను పీఠభూమికి చేరిందని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

ఆ పద్ధతి అంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది. బురద అడుగుకు దిగాలి. గాలి తొట్టి తర్వాత ఇంకో పెద్ద తొట్టి ఉంటుంది. అందులో నీరు నిలకడగా ఉండగా బాక్టీరియా ముద్దలు ముద్దలుగా కట్టి కిందికి దిగుతాయి, పై తేట పొంగి బయటికి పోతుంది. దిగిన బురదను వెనక్కి పంపుతారు. ఊరి మురుగుకు ఇది చక్కగా కుదిరింది. చెత్త నీటికి అంతగా కుదరలేదు. అందులో ఉప్పు ఎక్కువ, నురగ ఎక్కువ, ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. ముద్దలు సరిగా కట్టవు. ముద్ద కట్టని జీవులు తేటతో పాటు కొట్టుకుపోతాయి. నెమ్మదిగా పెరిగేవి ఒకసారి కొట్టుకుపోతే మళ్లీ నిండటానికి వారాలు పడుతుంది. ఈలోగా అమ్మోనియా అమ్మోనియాగానే బయటికి పోతుంది.

ఇక్కడికి పొర వచ్చింది. ఎంబీఆర్, అంటే మెంబ్రేన్ బయోరియాక్టర్‌లో నీటిని దిగబెట్టి తేర్చే తొట్టి ఉండదు. దాని బదులు సన్నని రంధ్రాలున్న పొర లోంచి నీటిని లాగుతారు. రంధ్రం వెడల్పు మైక్రాన్‌లో వందో వంతు నుంచి పదో వంతు లెక్కల్లో ఉంటుంది. కొన్నిటిలో 0.04, కొన్నిటిలో 0.4 మైక్రాన్. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బాక్టీరియా సుమారు ఒక మైక్రాన్. నీరు దాటుతుంది, బాక్టీరియా దాటలేదు. 1960ల చివర్లో అమెరికాలో డోర్-ఆలివర్ అనే కంపెనీ తొట్టి బయట పొరలు పెట్టి, వాటి గుండా బురదను వేగంగా తిప్పే పద్ధతి తెచ్చింది. పంపులకు అయ్యే కరెంటు ఖర్చుతో అది చాలాకాలం మూల పడి ఉంది. 1989లో జపాన్‌లో కజువో యమమోతో, ఆయన సహచరులు బోలుగా ఉండే దారాల్లాంటి పొరలను నేరుగా గాలి తొట్టిలోనే ముంచి, కొద్దిపాటి లాగుడుతో నీటిని బయటికి తీయవచ్చని చూపించారు. అడుగు నుంచి ఎలాగూ ఊదుతున్న గాలి బుడగలే పొరలను తుడుస్తాయి. ఆ తర్వాతే ఎంబీఆర్ ఊళ్లకు చేరింది. చెత్త నీటి దగ్గర మాత్రం పాత పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకున్నవాళ్లు ఉన్నారు. జర్మనీలో, చైనాలో చాలా ప్లాంట్లలో పొరలు తొట్టి బయటే గొట్టాల్లో ఉంటాయి, చిక్కటి బురద వాటిలో వేగంగా తిరుగుతుంది. కరెంటు ఎక్కువ తాగినా అక్కడ అదే నయం, ఎందుకంటే అంత చిక్కటి బురద తొట్టిలో ముంచిన సన్న దారాలను తొందరగా కమ్మేస్తుంది. పాతది ఒక్కోసారి ఒక్కో చోటికి సరిపోయే పద్ధతి అవుతుంది.

పొర అంటే వడకట్టే సాధనం అనే అనుకుంటాం. ఈ విషయం గురించి చదువుతూ పోయినకొద్దీ అది చేస్తున్న పెద్ద పని వేరే ఉందనిపించింది. ఏ శుద్ధి ప్లాంటులోనైనా రెండు వయసులు లెక్క చూస్తారు. ఒకటి నీటి వయసు, అంటే ఒక నీటి చుక్క తొట్టిలోకి వచ్చాక బయటికి పోయేదాకా గడిపే కాలం. రెండోది బురద వయసు, ఒక బాక్టీరియా ఆ తొట్టిలో ఉండగలిగే సగటు కాలం. దిగుడు తొట్టి మీద ఆధారపడినంతకాలం ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి. నీటిని తొందరగా పంపేస్తే బురదా కొట్టుకుపోతుంది. బురదను నిలబెట్టాలంటే నీటిని ఆపాలి, తొట్టి పెంచాలి. పొర పెట్టగానే ఈ ముడి విడిపోయింది. నీరు ఎంత తొందరగానైనా పోవచ్చు. బురద ఎన్నాళ్లయినా ఉండవచ్చు. మామూలు ప్లాంటులో బురద వయసు వారం, రెండు వారాలైతే, ఇక్కడ నెలా, అంతకన్నా ఎక్కువ నడపగలరు. లీటరుకు మూడు నాలుగు గ్రాములుండే బురద పది గ్రాములకు, చెత్త నీటి ప్లాంట్లలో అంతకు మించీ చిక్కబడుతుంది.

ఆ గడువు దొరికితే నెమ్మదిగా పెరిగేవాటికి రోజులు వస్తాయి. అమ్మోనియాను మార్చే జీవులు స్థిరపడతాయి. మొండి పదార్థాలను కొరకడం నేర్చుకునే అరుదైన జీవులూ మెల్లగా నిలదొక్కుకుంటాయి. వేగంగా పెరిగేవే నిలబడే చోట వీటికి తావు ఉండేది కాదు. ఇంత కాలుష్యానికి విరుగుడు కొత్త మందులో, కొత్త యంత్రంలో కాకుండా, బలహీనమైన ఒక జీవిని కొట్టుకుపోకుండా పట్టి ఉంచడంలో దొరికింది. నాకు ఈ విద్య మీద ప్రేమ కలగడానికి కారణం ఇదే.

నడిపేవాళ్ల రోజు మాత్రం పొరతో పోరాటంగానే గడుస్తుంది. బాక్టీరియా జిగురు విడుస్తుంది. ఆ జిగురు, హ్యూమిక్ నలుపు, కాల్షియం పొరకు పట్టుకుంటాయి. అదే నీరు లాగడానికి నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి అంకె మీదే ఆపరేటర్ కన్ను. కొన్ని నిమిషాలకోసారి లాగడం ఆపుతారు, వెనక్కి నీరు తోస్తారు. అప్పుడప్పుడు హైపోక్లోరైట్‌తో, సిట్రిక్ ఆమ్లంతో కడుగుతారు. నురగ పొంగితే అణచాలి. బ్లోయర్లు రాత్రీ పగలూ ఆగకూడదు. ఒక కిలో అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి నాలుగున్నర కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. లీటరుకు రెండు వేల మిల్లీగ్రాములున్న నీరు రోజుకు 20 లక్షల లీటర్లు వస్తుందనుకుంటే, అందులో 4 టన్నుల నత్రజని ఉంటుంది. దానికి 18 టన్నుల ఆక్సిజన్, అదీ గాలి లోంచి నీటిలో కరగాలి. ఆ కరెంటు బిల్లే ఇలాంటి ప్లాంటుకు ప్రాణం, భారం రెండూ. బ్లోయర్లు గంటల తరబడి ఆగితే తొట్టిలో ఊపిరాడదు. నెలల తరబడి పెంచుకున్నది పాడవుతుంది.

వేడి సంగతి ఇంకోటి. ఇంత చిక్కటి నీటిలో ఇంత బురద పనిచేస్తుంటే తొట్టి తనంతట తానే వేడెక్కుతుంది. పంపుల రాపిడి, ఊదిన గాలి వేడి దానికి తోడవుతాయి. నలభై డిగ్రీలకు దగ్గర పడితే అమ్మోనియాను మార్చే జీవులు మొరాయిస్తాయి. చలిదేశాల్లో శీతకాలం ఈ జీవులకు గండం. మే నెలలో బయటే 42 డిగ్రీలుండే మన చోట తొట్టిని చల్లబరిచే ఏర్పాటు లేకపోతే వేసవే గండం. డిజైన్ కాగితాలు ఏ దేశం నుంచి వచ్చినా ఈ ఒక్క లెక్క ఇక్కడి ఎండలో నిలబడి వేయాలి.

తిండి చెత్త నీటి కథ దక్షిణ కొరియాలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా నాకు కనిపించలేదు. అక్కడి వంట మనకు దగ్గర. పులుసులు, పులియబెట్టిన కూరలు, చిన్న చిన్న గిన్నెల నిండా వడ్డనలు. మిగులూ ఎక్కువ, తడీ ఎక్కువ. 2005లో తిండి చెత్తను నేరుగా పూడ్చడం ఆపేశారు. ఇళ్ల నుంచి విడిగా సేకరించి దాణాగా, ఎరువుగా మార్చసాగారు. మార్చే ముందు పిండాలి. పిండితే నీరు. ఆ నీటిని ఓడల్లో తీసుకెళ్లి సముద్రంలో పోసేవారు. పూడ్చడం ఆగింది కానీ నీరు ఇంకో పల్లం వెతుక్కుంది. సముద్రంలో వ్యర్థాలు పోయడం మీద లండన్ ప్రోటోకాల్ పేరుతో 1996లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి, 2013 నుంచి ఆ దేశం దాన్నీ ఆపేసింది. ఇక ఆ నీటిని నేల మీదే శుద్ధి చేయక తప్పలేదు. ముందు గాలి లేని డైజెస్టర్లలో బయోగ్యాస్ తీయడం, మిగిలిన దాన్ని ఎంబీఆర్‌లాంటి ప్లాంట్లకు పంపడం అలా ఊపందుకుంది.

ఇందులో నన్ను కదిలించిన ఒక జత ఉంది. పాత కుప్ప నీటిలో అమ్మోనియా దండిగా ఉంటుంది, తిండి ఉండదు. నైట్రేట్‌ను వాయువుగా మార్చే చివరి జీవులకు తినడానికి కార్బన్ కావాలి. కుప్పలో అది ఎప్పుడో అయిపోయింది. అందుకని ఎన్నో ప్లాంట్లలో డబ్బు పెట్టి మిథనాల్ కొని పోస్తారు. తిండి చెత్త నీటిలోనేమో ఆ కార్బన్ పొంగిపొర్లుతుంటుంది. ఈ రెండు నీళ్లనూ సరైన పాళ్లలో కలిపితే ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. ఇరవై ఏళ్ల కింద పారేసిన భోజనం వదిలిన అమ్మోనియాకు నిన్న రాత్రి మిగిలిన భోజనం కార్బన్ ఇస్తుంది. పాళ్లు తప్పితే తొట్టి పులిసి పాడవుతుంది, అది నిజమే. అయినా కొనుక్కొచ్చే రసాయనం బదులు మన దగ్గరే ఉన్న దానితో పని జరగడం ఎంత బాగుంటుంది.

మన దగ్గర కూడా ఆ దారికి మొదలు కనిపిస్తోంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో అమ్ముడుపోని, కుళ్లిన కూరగాయలను రోజుకు పది టన్నుల వరకు బయోగ్యాస్‌గా మార్చే ప్లాంటు పెట్టారు. అందులోని డైజెస్టర్ పద్ధతి హైదరాబాద్‌లోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించినది. రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు వస్తుందని, అది మార్కెట్ అవసరాలకే వాడుతున్నారని వార్తల్లోకి వచ్చింది. యార్డుకు పోవలసిన టమాటాలు యార్డుకు పోకుండా ఆగాయి. జవహర్‌నగర్‌కు చేరాక శుద్ధి చేసే ప్రతి లీటరు కన్నా, బోయిన్‌పల్లిలోనే ఆగిపోయే ప్రతి లీటరు చవక.

పొర దగ్గర ఆగనివి కొన్ని ఉన్నాయి, వాటి గురించి చెప్పకుండా ఈ పొరను మెచ్చుకోవడం తప్పవుతుంది. ఎంబీఆర్ నుంచి వచ్చే నీటిని గాజు గ్లాసులో పోసి చూస్తే మడ్డి ఉండదు, అటు వైపు కనిపిస్తుంది. కానీ రంగు ఉంటుంది, గోధుమ రంగు. కరిగిపోయిన హ్యూమిక్ పదార్థాలు ఆ రంధ్రాల్లోంచి దాటిపోతాయి. ఉప్పూ దాటిపోతుంది. నాన్‌స్టిక్ పూతల్లో, నూనె అంటని తిండి పొట్లాల్లో వాడిన పీఎఫ్ఏఎస్ అనే మొండి రసాయనాలను బాక్టీరియా తినలేదు, ఈ పొర పట్టుకోలేదు. అందుకే దీని తర్వాత ఇంకా సన్నటి పొరలు, నానోఫిల్ట్రేషన్, ఆర్‌ఓ పెడతారు. ఆర్‌ఓ పొర వాడుకలోకి రావడం వెనుక 1950ల చివర్లో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్‌తో కలిసి పనిచేసిన భారతీయుడు శ్రీనివాస సౌరిరాజన్ ఉన్నాడు. మన వంటింటి గోడకు వేలాడే నీళ్ల యంత్రం లోపలా ఆయన పని ఉందని చాలామందికి తెలియదు.

ఆర్‌ఓ దాటిన నీరు నిజంగానే శుభ్రమైన నీరు. దాటనిది వెనుక మిగులుతుంది. వచ్చిన నీటిలో పావు వంతో, ఇంకా ఎక్కువో, ఉప్పంతా, రంగంతా, మొండిదంతా చిక్కబడి నిలుస్తుంది. దాన్ని ఏం చేస్తారు? చాలా దేశాల్లో చాలా యార్డుల్లో దాన్ని మళ్లీ కుప్ప మీదే పోస్తారు. అది మళ్లీ దిగుతుంది, మళ్లీ కారుతుంది, ఈసారి ఇంకాస్త ఉప్పగా ప్లాంటుకు చేరుతుంది. మరిగించి ఆరబెట్టడం ఇంకో దారి. దానికి మళ్లీ ఇంధనం కావాలి, మిగిలిన ఉప్పుకు మళ్లీ చోటు కావాలి. ఈ చిక్కటి మిగులు గురించి అడగనిదే ఏ ప్లాంటునూ పూర్తయినట్టు లెక్కపెట్టకూడదని నా అభిప్రాయం.

ఇంకో లెక్క ఉంది, అది ఏళ్ల లెక్క. సియోల్‌లో హాన్ నది ఒడ్డున నంజిదో అనే చోట 1978 నుంచి 1993 దాకా నగరం చెత్త పోసింది. తొమ్మిది కోట్ల టన్నులకు పైగా చెత్త, దాదాపు వంద మీటర్ల ఎత్తున రెండు కొండలుగా నిలిచింది. దాన్ని కప్పి, నది వైపు కారకుండా భూమిలోకి గోడ దింపి, 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ నాటికి పార్కుగా మార్చారు. పోసింది పదిహేనేళ్లు. మూసి ఇరవై ఏళ్లు దాటాక కూడా ఆ కొండల నుంచి గ్యాస్‌నూ, చెత్త నీటినీ తీస్తూ, గమనిస్తూ ఉండవలసి వచ్చింది. ఐరోపాలో యార్డు మూశాక కనీసం ముప్పై ఏళ్లు చూసుకోవాలన్నది సాధారణ లెక్క. మన 2016 నియమాలు కనీసం పదిహేనేళ్లు అన్నాయి. పొర ఆయుష్షు ఐదు నుంచి పదేళ్లు. అంటే ఒక్క యార్డు బతుకులో పొరలను ఎన్నోసార్లు మార్చాలి. కాంట్రాక్టులు మారతాయి, అధికారులు మారతారు, ప్రభుత్వాలు మారతాయి. అమ్మోనియా ఊరడం ఆగదు. మొదటి ప్రారంభోత్సవానికి దొరికే డబ్బు నాలుగోసారి పొర మార్చడానికి దొరుకుతుందా అన్నది నన్ను వేధించే ప్రశ్న. ఆ డబ్బును మొదటి రోజే విడిగా తీసిపెట్టాలి. కరెంటు బిల్లునూ, పొర మార్పిడినీ యార్డు కట్టడపు ఖర్చులోనే లెక్కగట్టాలి.

జవహర్‌నగర్ ప్లాంటు పక్కన బతికేవాళ్లకు మూడు అంకెలు తెలిస్తే చాలు. బయటికి వదిలిన నీటిలో అమ్మోనియా నత్రజని ఎంత, సీఓడీ ఎంత, కరిగిన ఉప్పు ఎంత. 2016 నియమాల్లో వాటి హద్దులు లీటరుకు 50, 250, 2,100 మిల్లీగ్రాములని ఎలాగూ రాశారు. ప్రతి నెలా ఆ నెల అంకెలను హద్దుల పక్కనే తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక బోర్డు మీద రాయాలి. కప్పిన కొండ ఎంత కారుతోందో, పాత చెత్త నీరు రోజుకు ఎన్ని లీటర్లు వచ్చిందో కూడా కింద ఒక వరుసలో రాయవచ్చు. ఆ బోర్డును మల్కారం చెరువు కట్ట మీద పెట్టాలి.